టెక్ సందేహాలు: ఆ ఒక్క టిక్ పెట్టకండి

ప్రశ్న: డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ బొమ్మతో ఒక యాప్‌కి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో లాటీ యానిమేషన్ (యాప్‌లు, వెబ్‌సైట్లలో ఆడే తేలికైన యానిమేషన్ ఫైలు) చేశాను. బ్రౌజర్‌లో వెలుగు చక్కగా తిరుగుతోంది, ఫోన్లో మాత్రం కదలడం లేదు. లేయర్లు అరవై దాకా ఉన్నాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో లేయర్లు చెక్ చేసే స్క్రిప్టు పెట్టారు. రన్ చేస్తే ఫైళ్లు రాయడానికి, నెట్‌వర్క్ వాడటానికి అనుమతి అడుగుతోంది. ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: వద్దండీ.

'బ్రౌజర్‌లో బాగుంది, ఫోన్లో లేదు' అనే మెయిల్ నాకు వస్తూనే ఉంటుంది. మీ విషయంలో నా అనుమానం ఎక్స్‌ప్రెషన్ మీదే, అంటే కదలికను లెక్కగట్టడానికి లేయర్లో రాసే చిన్న కోడ్ మీద. వెలుగు తిప్పడానికి రొటేషన్‌లో టైమ్‌ని ఏదో అంకెతో గుణించి ఉంటారు. వెబ్ ప్లేయర్ ఆ లెక్క చేస్తుంది. ఆండ్రాయిడ్, ఐఓఎస్ ప్లేయర్లు దాన్ని అసలు పట్టించుకోవు.

అది ఏ లేయర్లో ఉందో తెలుసుకోవడానికి ఊరివాళ్ల స్క్రిప్టు దేనికి? ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు మామూలు జేసన్, అంటే ఒక్కో కీ (పేరు) కింద దాని విలువ రాసి ఉండే టెక్స్ట్ ఫైలు. దాన్ని చదివి లేయర్ పేరు, నంబరు, పేరెంట్ (అది ఏ లేయర్ని అనుసరిస్తుందో), మొదలయ్యే ఫ్రేము, ముగిసే ఫ్రేము ప్రింట్ చేయడానికి పైథాన్‌లో ఇరవై లైన్లు చాలు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ఎక్స్‌ప్రెషన్ 'ఎక్స్' (x) అనే కీ కింద ఉంటుంది. ఈజింగ్ (కదలిక వేగం పెరిగే, తగ్గే తీరు) విలువలూ అదే అక్షరం కింద ఉంటాయి కాబట్టి విలువ స్ట్రింగ్ (అంకె కాకుండా అక్షరాల వరుస) అయితేనే లెక్కలోకి తీసుకోండి. ప్రీకాంప్ (కొన్ని లేయర్లను కలిపి ఒకే లేయర్‌గా కట్టినది) లోపలి లేయర్లు పైన కనబడవు, 'అసెట్స్' కింద ఉంటాయి. అక్కడ వెతక్కుండానే 'ఏమీ దొరకలేదు' అంటుంటారు చాలామంది.

ఇక ఆ అనుమతి సంగతి. ఫైలు రాయడం ఒకటి, బయటికి డేటా పంపడం ఇంకొకటి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగుల్లో రెండింటికీ కలిపి ఒకే టిక్ పెట్టిన మహానుభావుడెవరో గానీ, లేయర్ల జాబితా సేవ్ చేసుకోవాలన్నా ఇంటర్నెట్ తలుపు తీయాల్సిందే. పైగా ఒకసారి పెట్టిన టిక్ ఆ ఒక్క స్క్రిప్టుకే పరిమితం కాదు. మీరే తీసేదాకా ఆ తర్వాత నడిపే ప్రతి స్క్రిప్టుకూ వర్తిస్తుంది. మీకు వచ్చింది జేఎస్ఎక్స్‌బిన్ (మనిషి చదవలేని రూపంలోకి మార్చిన స్క్రిప్టు) ఫైలైతే తెరిచి చదవడానికి కూడా ఉండదు. క్లయింట్ ఇంకా విడుదల చేయని డిజైన్లున్న కంప్యూటర్లో దాన్ని నడుపుతారా?

నాది అతి భయం అనుకుంటే 2024 అక్టోబరు చివర్లో ఏం జరిగిందో చూడండి. వెబ్‌లో లాటీ ఆడించే లాటీ ప్లేయర్ ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే చోటు) ప్యాకేజీలోకి ఎవరో చొరబడి 2.0.5, 2.0.6, 2.0.7 వెర్షన్లలో పాడు కోడ్ పెట్టారు. వెర్షన్ నంబరు రాయకుండా 'లేటెస్ట్' అని వదిలేసిన సైట్లలో, క్రిప్టో వాలెట్ కలపమంటూ పాపప్‌లు వచ్చాయి. పేరున్న ప్యాకేజీకే ఆ గతి పట్టింది, మీకొచ్చింది టెలిగ్రామ్ ఫైలు. వెబ్‌లో వాడేటప్పుడు వెర్షన్ నంబరు రాయండి. ఎక్స్‌ప్రెషన్లు లేకపోతే లాటీ-వెబ్ ప్లేయర్ లైట్ బిల్డ్ (తేలికపాటి రూపం) పెట్టండి, అది వాటిని అసలు నడపదు.

దొరికిన ఎక్స్‌ప్రెషన్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే కీఫ్రేములుగా (ఫలానా ఫ్రేములో ఫలానా విలువ అని పెట్టే గుర్తులుగా) మార్చేయకండి, ఫ్రేముకొకటి పడి ఫైలు ఉబ్బుతుంది. ఒకే వేగంతో తిరిగే వెలుగే కదా, ఎక్స్‌ప్రెషన్ తీసేసి, రొటేషన్‌కి 0 డిగ్రీల దగ్గర ఒకటి, 360 డిగ్రీల దగ్గర ఒకటి కీఫ్రేము పెట్టి లీనియర్‌లో ఉంచండి.

ఇంకో మాట. మీరు రాసుకున్న పైథాన్ స్క్రిప్టు 'షేప్ లేయర్ 37' అని చూపిస్తే ఏం చేస్తారు? అరవై లేయర్లలో ఒక్కదానికీ పేరు పెట్టని డిజైనర్లను ఏమనాలో నాకు తెలీదు. పేర్లు పెట్టి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, అప్పుడు రన్ చేయండి.