తెలియని పిల్లాడైతే మనకెందుకు అంటారా?

"దారిలో కనిపించే టీనేజ్ పిల్లల బాధ్యత మనకెంత? కలగజేసుకుంటే మన మెడకే చుట్టుకోదా?" అని అడిగారు. నన్నడిగితే బాధ్యత గట్టిగానే ఉంది, కాకపోతే మనవాళ్లు బాధ్యత అనగానే క్లాసు పీకడం మొదలుపెడతారు, గొడవంతా అక్కడే.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్తున్నాను. జనరల్ బోగీలో తలుపు దగ్గర, కాళ్లు బయటకి వేలాడేసి ఒక కుర్రాడు. పదహారో పదిహేడో ఉంటాయి. బాత్రూమ్ చెప్పులు, భుజాన సంచి కూడా లేదు, మెడలో కాలేజీ ట్యాగ్ ఉంది గానీ చివర కార్డు లేదు, పీకేసినట్టున్నాడు. "ఇక్కడ చోటుంది, లోపలికి రా బాబూ" అని జరిగి కూర్చోబెట్టాను. ఎక్కడికి అంటే సికింద్రాబాద్, మావయ్య వాళ్లింటికి అన్నాడు. సికింద్రాబాద్‌లో ఎక్కడ అంటే కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఇక బోగీలో ప్రతివాడూ పెద్దమనిషే. ఎదురు సీటాయన "ఎన్ని మార్కులొచ్చాయేంటి?" అని మొదలెట్టి వాళ్లబ్బాయి ర్యాంకు దాకా వెళ్లాడు. ఇంకో మహానుభావుడు వీడియో తియ్యబోతే ఫోన్ దించమని గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఫెయిలైనవాడికి సప్లిమెంటరీ ఉంటుందని మనం చెప్పాలా, అది వాడికి తెలియదా?

నేను పులిహోర పొట్లం కొనిచ్చి క్రికెట్ మాట్లాడాను, అంతే. ఖమ్మం దాటాక వాడే నాన్న నంబర్ చెప్పాడు. ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట "టికెట్ తీసుకున్నాడా అండీ?" అని. తర్వాత గొంతు రాలేదు. అసలు పిల్లాడు హాస్టల్లో లేడన్న సంగతే ఆయనకు తెలియదు. ఎంసెట్ కోచింగ్ అని అక్కడ వదిలారట, పొద్దున్నుంచి కనిపించకపోయినా ఇంటికి ఒక్క ఫోన్ లేదు. ఫీజు బాకీ ఉంటే మాత్రం ఇలాంటి చోట్ల మెసేజ్ టంచనుగా వస్తుంది, అది వేరే కథ.

పాపం, ఈ రాత్రికి మా ఇంట్లో ఉంచుకుందాం అనిపిస్తుంది మనకి. ఆ పని మాత్రం చెయ్యకండి. రైల్లో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి, బయటైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి లేదా ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చెయ్యండి. నేను 139కి చేస్తే వరంగల్‌లో ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు బోగీ దగ్గరికే వచ్చారు. వాళ్లతో పాటు నేనూ దిగి, వాళ్ల నాన్న నంబరూ నా నంబరూ రాయించి, వెనకొచ్చిన రైలెక్కాను.

మెడకు చుట్టుకోవడం సంగతంటారా, నిజానికి చట్టం చెప్పేది దానికి ఉల్టా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 32 ప్రకారం, తప్పిపోయినట్టో ఎవరూ లేనట్టో కనిపించి మన చేతికొచ్చిన 18 ఏళ్లలోపు పిల్లల గురించి 24 గంటల్లోగా చైల్డ్‌లైన్ (1098)కో, పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పాలి. చెప్పకపోతేనే ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల జరిమానా, ఒక్కోసారి రెండూ. ఆ వీడియో బాబులకూ సెక్షన్ 74 ఉంది, అలాంటి పిల్లల ముఖం, పేరు, కాలేజీ బయటపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

అదే ఆడపిల్ల అయితే నేను పక్కన కూర్చోను. ముందుగా బోగీలో ఉన్న ఒక పెద్దావిడకు ఆ పిల్లను పలకరించమని చెప్పి, నేను ఫోన్ చేసే పని చూసుకుంటాను.