రెండు కిలోల బిడ్డ, ఏజెన్సీ చలి

ప్రశ్న: మా కోడలికి నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. బరువు 2 కిలోల 100 గ్రాములు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. ఇక్కడ చలి ఎక్కువ. పురిటిగదిలో కుంపటి పెట్టి, రోజూ నూనె రాసి నీళ్లు పోయమంటున్నారు. పోయొచ్చా?
- ఒక పాఠకురాలు, పాడేరు ప్రాంతం

జవాబు: కుంపటి వద్దమ్మా. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం. సాంబ్రాణి పొగా వద్దు.

నెల తక్కువ బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ, వణికి వేడి పుట్టించుకోవడం చేతకాదు. ఒళ్లు చల్లబడితే పాలు లాగే ఓపిక పోతుంది. పాలు లేక రక్తంలో చక్కెర పడిపోతే ఇంకా చల్లబడుతుంది. దీన్ని ఆపేది తల్లి ఒంటి వేడి. టోపీ, సాక్సులు, న్యాపీ మాత్రం ఉంచి, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించండి. కాళ్లు కప్పలా మడవాలి. తల పక్కకు తిరిగి, గడ్డం కాస్త పైకి ఉండాలి. మెడ ముందుకు వాలితే ఊపిరి దారి మూసుకుపోతుంది, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మెత్తటి నూలు చీరతో, పై అంచు బిడ్డ చెవి కిందికి వచ్చేలా చుట్టి, పైన దుప్పటి కప్పుకోవాలి. పొట్ట దగ్గర బిగించకండి. విడతకు కనీసం గంట, రోజుకు 8 గంటలకు తగ్గకుండా ఉంచండి, ఎంత ఎక్కువైతే అంత మేలు. కోడలు అలసిపోతే మీరు తీసుకోండి, మీ అబ్బాయికీ ఇవ్వండి. కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ కంగారూ పద్ధతిని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోంది.

బొడ్డు ఊడేదాకా నీళ్లు పోయకండి. గోరువెచ్చటి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దితే చాలు. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏవీ వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు అసలే వద్దు.

ప్రశ్న: నాలుగు గుక్కలు తాగి నిద్రపోతోంది. పోతపాలు పట్టొచ్చా?

జవాబు: వద్దు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా, అరికాలు నిమిరి లేపి పట్టించండి. అప్పటికీ లాగకపోతే తల్లి పాలు చేత్తో పిండి, మరిగే నీళ్లలో ఉడికించిన ఉగ్గుగిన్నెతో, తల ఎత్తి పట్టుకుని కొద్దికొద్దిగా పోయండి. మింగాకే మళ్లీ పోయాలి, లేకపోతే పొలమారుతుంది. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

ప్రశ్న: ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలి?

జవాబు: చేతి వెనక వైపుతో తాకి చూడండి. పొట్ట వెచ్చగా, అరికాళ్లు చల్లగా ఉంటే చలి పట్టడం మొదలైందని, వెంటనే ఛాతీకి కట్టుకోండి. రెండూ చల్లగా ఉంటే ఆగొద్దు. పాలు మానేసినా, మూర్ఛ వచ్చినా, అరచేతులు పసుపెక్కినా, డొక్కలెగరేసినా అంతే. ఏడవని వేళ ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టండి. 60 లేదా అంతకు మించితే మరోసారి లెక్కపెట్టండి, అప్పుడూ అంతే ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. రాకపోతే కబురు పెట్టి పిలిపించి, ప్రతిసారీ బరువు తూయించండి. బండిలో పోయేటప్పుడూ బిడ్డను ఒళ్లో పడుకోబెట్టకండి, ఛాతీకి కట్టుకునే తీసుకెళ్లండి. చాలామంది బిడ్డలు దారిలోనే చల్లబడిపోతారు.