కొండల బొమ్మలూ, కొత్త పిల్లీ

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లిపిల్లను తెచ్చుకున్నావట. అరకు కొండల బొమ్మలు సగంలో ఉండగా ఇదేం తలనొప్పని మీ అమ్మ ఒకటే టెన్షన్. నాకైతే దానివల్ల నీ బొమ్మలే బాగుపడతాయనిపిస్తోంది. ముందు మాత్రం ఆ గదిలోంచి రంగులు పల్చన చేసే టర్పెంటైన్ సీసా తీసెయ్.

పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది, పంజాకి అంటిందల్లా కడుపులోకే పోతుంది. దాని కాలేయం చాలా రసాయనాల్ని మనలా అరిగించుకోలేదు. మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు దాని ప్రాణం తియ్యడానికి. సీసం ఉండే ఫ్లేక్ వైట్ కూడా వద్దు, టైటానియం వైట్ వాడు. బొమ్మలో ముందువైపు వలిసె పూల పసుపుకి హన్సా ఎల్లో సరిపోతుంది, అందులో కాడ్మియం అనే విషలోహం ఉండదు. బ్రష్షులు కుసుమ నూనెతో తుడిచి సబ్బుతో కడుక్కో. ఆక్రిలిక్ వేసే రోజు బ్రష్షులు ముంచే నీళ్ళకి మూత పెట్టు. ఎదురుగా మంచినీళ్ళున్నా పిల్లులు ఆ మురికినీళ్ళే తాగుతాయి, వాటి బుద్ధే అంత! దాని ఒంటికి ఆయిల్ రంగు అంటితే వంటనూనె రాసి తుడిచి, అంట్లు తోమే లిక్విడ్‌తో కడుగు. థిన్నర్ పొరపాటున కూడా రాయకు. లిన్సీడ్ (అవిసె) నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. పిల్లి పడుకునేదీ అలాంటి కుప్ప మీదే. గుడ్డల్ని విడివిడిగా బయట ఆరెయ్.

కాన్వాసు గీకుతోందని కోప్పడి లాభం లేదు. అది నిలబడి ఒళ్ళు విరుచుకునేంత ఎత్తు కట్టెకి పురికొస బిగించి చుట్టి, పడుకునే చోటు పక్కనే కదలకుండా నిలబెట్టు. లేవగానే గీకడం వాటి అలవాటు.

ఇక అసలు సంగతి. పిల్లికి తెల్లవారుజామున, మునిమాపున హుషారు. కొండల మీద వెలుగు బాగుండేదీ అప్పుడే. ఆ వేళ బ్రష్ పట్టకు. ఒక చేత్తో దానికి తాడు ఆడిస్తూ కిటికీలోంచి సింహాచలం కొండని చూడు. అది నిద్రపోయాక, పదింటికి, చూసిందాన్ని తలుచుకుంటూ వెయ్యి. ఫోన్ ఫొటో ముందు పెట్టుకుని వేస్తున్నావని నీ బొమ్మే చెబుతోంది. వెనక కొండా ముందు కొండా ఒకటే పచ్చ! గాలికొండ వ్యూపాయింట్ దగ్గర నిలబడి చూశావుగా, మధ్యలో గాలీ తేమా పెరిగేకొద్దీ కొండ నీలం తిరుగుతుంది, వెలుగునీడల తేడా తగ్గిపోతుంది. నీలంలో ఉత్త తెలుపు కలిపితే సుద్దలా తేలిపోతుంది, చిటికెడు బర్న్ట్ సియెన్నా, అదే ఎర్రమట్టి రంగు, తగిలించు. అన్నిటికంటే వెనక వరుస ముందు వేసుకుని ఇవతలికి రా.

రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ 1928 నుంచి 1947లో పోయేదాకా కులూ లోయలో నగ్గర్‌లో ఇల్లు పెట్టుకుని హిమాలయాలు వేశాడు, ఎక్కువగా టెంపెరాలో, అంటే గుడ్డుసొన లాంటి జిగురుతో కలిపే రంగుల్లో. ఆయన దూరపు కొండలు ఎంత తక్కువ గీతలతో నిలబడతాయో చూడు. టెంపెరా త్వరగా ఆరుతుంది, పిల్లి ఉన్న ఇంట్లో అదో సుఖం. ఆయిల్ తడి మీద వెంట్రుక పడితే వేలితో లాగకు, రంగు పాడవుతుంది. ఆరాక సూదితో లేపితే వచ్చేస్తుంది.

మీది నాలుగో అంతస్తు కదా, కిటికీలకి మెష్ ఉందా? లేకపోతే ఈ వారమే చేయించు. పిచ్చుక కనబడితే పిల్లికి ఎత్తు గుర్తుండదు. డబ్బుల సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఉంటాను,
పెద్దమ్మ