తుపాకీ ముందు ఇల్లు దాటాలి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన ఆర్మీలో హవల్దారుగా రిటైరై, బ్యాంకు గార్డు ఉద్యోగం కోసం లైసెన్సు తీసుకుని డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నారు. ఆ ఉద్యోగం పోయింది. ఇప్పుడు నిద్ర లేదు, మందు ఎక్కువైంది. తాగినప్పుడల్లా తుపాకీ తీసి తుడుస్తూ కూర్చుంటారు. మొన్న "నేను లేకుంటేనే మీకు నయం" అన్నారు. తుపాకీ దాచేస్తే గొడవవుతుందని భయం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తాగి అన్నాడులే అని ఆ మాటను వదిలేయకండి. మందు మాన్పించడం, ఉద్యోగం చూడటం తర్వాతి పనులు. ముందు తుపాకీ ఇల్లు దాటాలి. చచ్చిపోవాలన్న తెగింపు చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపు గట్టెక్కితే మనిషి మిగులుతాడు. చేతిలో తుపాకీ ఉంటే ఆ గడువే దొరకదు.

అయితే మీరు దాచొద్దు. లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి మీ పుట్టింట్లో పెట్టినా చట్టప్రకారం తప్పే. తాగి ఉన్నప్పుడు చేతిలోంచి గుంజుకోనూ వద్దు.

పొద్దున, మందు తాగనప్పుడు పక్కన కూర్చొని, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ తర్వాత తుపాకీ మాట ఎత్తండి. యూనిట్లో డ్యూటీ దిగగానే ఆయుధం కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమచేసి సంతకం పెట్టడం ఆయనకు అలవాటైన పనే. ఇప్పుడు డ్యూటీ లేదు, జమచేద్దాం అనండి. నీ మీద నమ్మకం లేదు అన్నట్టు మాత్రం వినిపించకూడదు. ఆయనతో సర్వీసు చేసిన మనిషి దగ్గరలో ఉంటే ఈ మాట ఆ మనిషితోనే చెప్పించండి, బాగా ఎక్కుతుంది.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో పెట్టడం మీరూ చూసే ఉంటారు. మామూలు రోజుల్లోనూ పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమచేయొచ్చు. తూటాలు కూడా ఇచ్చేసి, రసీదు తీసుకోండి. జమచేసినంత మాత్రాన లైసెన్సు పోదు, రెన్యువల్ తేదీ మాత్రం మరిచిపోవద్దు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే, తూటాలు ఆయన చేతనే తీయించి, తుపాకీ ఒక బీరువాలో, తూటాలు ఇంకో చోట తాళం వేయించండి. తాళంచెవులు మీ దగ్గరే ఉండాలి. పిల్లలకు ఆ చోటు తెలియకూడదు.

నిద్రకు, మందుకు వైద్యం ఉంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటే మానసిక వైద్యుడికి చూపించండి. నల్గొండలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో మళ్లీ ఉద్యోగం సంగతీ అడగొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీరే చేయండి. ఏ రాత్రైనా ఆయన తూటాలు నింపుతున్నట్టు కనిపిస్తే మాత్రం మాటలు పెంచకుండా పిల్లలతో బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి.