భోజనం బిల్లు వచ్చేదాకా ఐదు రూపాయల వడ్డీ మోయాలా?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా ఆనందపురం మండలం. డ్వాక్రా సంఘం తరఫున ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతున్నాను. సరుకులకు నెలకు 30 వేలు అవుతోంది, బిల్లు రెండు నెలలకు గానీ రాదు. అందుకే నూటికి ఐదు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చాను. ఇప్పుడు జూనియర్ కళాశాల పిల్లలకూ వండమంటున్నారు. నెలకు మరో 20 వేల సరుకులు కావాలి. అదే వ్యాపారి దగ్గర ఇంకో 40 వేలు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దమ్మా. పదో తరగతితో ఆగిపోయిన బడి భోజనాన్ని 2025 జనవరి 4 నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించడం, పొద్దున్నే ఖాళీ కడుపుతో బస్సెక్కే పిల్లలకు నిజంగా మేలు చేసే నిర్ణయం. కానీ పిల్లలు పెరిగితే బిల్లుతో పాటు ముందుగా పెట్టాల్సిన పెట్టుబడీ పెరుగుతుంది. బడుల్లో వంట చేసే చాలా సంఘాలు ఈ సంగతి మరచిపోయి, ఏటా వచ్చే ఆలస్యాన్నే అనుకోని ఆపదగా భావించి అప్పుకు పరుగెడుతున్నాయి.

మీ లెక్కే చూడండి. 60 వేలకు నెలవడ్డీ 3 వేలు; మీకు వచ్చే గౌరవ వేతనమూ 3 వేలే. అంటే ఇన్నాళ్లూ పొయ్యి దగ్గర మీరు పడిన శ్రమంతా వ్యాపారికే పోయింది. మరో 40 వేలు తెస్తే వడ్డీ 5 వేలవుతుంది, ఆ లోటు చివరికి పప్పు పలచనై పిల్లల కంచంలోనే కనిపిస్తుంది. అది మీకూ ఇష్టం ఉండదు.

ముందు పాత అప్పు తీర్చండి. డ్వాక్రా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ రుణమైనా, బ్యాంకులో బంగారం కుదువపెట్టినా వడ్డీ దాదాపు రూపాయికి దిగుతుంది. అలా నెలకు మిగిలే సుమారు 2,400 రూపాయలను ఇంటి ఖర్చుతో కలపకుండా, వేరే ఖాతాలో అత్యవసర నిధిగా జమచేయండి. బిల్లు పడిన రోజునే, కిరాణా బాకీ తీర్చడానికి ముందే, అందులోంచీ కొంత ఆ ఖాతాకు మళ్లించండి. రెండు నెలల సరుకులకు సరిపడా లక్ష రూపాయలు చేరేదాకా ఆ డబ్బును పెళ్లికీ పండక్కీ ముట్టుకోవద్దు. బడులు మూసే వేసవిలో మీ ఇల్లు గడవడానికి మరికొంత విడిగా ఉండాలి.

కళాశాల పనికి ఒప్పుకునే ముందు, కిరాణా దుకాణదారుతో బిల్లు వచ్చేదాకా అరువు మాట్లాడుకోండి. కుదరకపోతే కొన్నాళ్లు ఆగడమే మేలు. పెద్ద పాత్రలకు సొంత డబ్బు పెట్టకుండా ప్రిన్సిపాల్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. మరిగే గంజి దగ్గర పనిచేస్తున్నారు కాబట్టి, ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా లేకపోతే ఈ వారమే బ్యాంకులో తీసుకోండి.