గండికోట ఫొటో ప్రింటులో ఎందుకు నల్లబడింది?
స్క్రీన్ మీద బాగున్న గండికోట లోయ ఫొటో ప్రింటులో నల్లగా ఎందుకొచ్చిందని అడిగారు. స్క్రీన్ తానే వెలుగుతుంది. కాగితం తన మీద పడిన వెలుతురునే తిప్పి పంపుతుంది. ముందు స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి, పక్కన తెల్లకాగితం పెట్టుకోండి. స్క్రీన్ మీది తెలుపు, ఆ కాగితం ఒకేలా కనబడ్డాకే ఎడిటింగ్ మొదలుపెట్టండి. పెన్నా నది పైనున్న రాతి పగుళ్లు చీకట్లో కలిసిపోయి ఉంటాయి. షాడోస్ (ఫొటోలో చీకటి భాగాల వెలుగు) మెల్లగా, ఆ పొరలు విడివిడిగా తెలిసేదాకా మాత్రమే పెంచండి. ఎర్రరాయి బాగుందని శాచురేషన్ (రంగుల గాఢత) పెంచేస్తే కాగితం మీద రంగు ముద్దయిపోతుంది. నాకది అస్సలు నచ్చదు. ప్రింటు వేసే ల్యాబ్ వాళ్లనడిగి, వాళ్ల ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటరు, కాగితం మీద రంగులెలా వస్తాయో చెప్పే ఫైలు) తీసుకోండి. దాంతో సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే ముందుగా చూడండి. 12×18 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600×5400 కావాలి. షార్పెనింగ్ (అంచులు స్పష్టంగా చేయడం) ఆ సైజుకు మార్చాకే చేయండి.