ఫ్రీ సైట్లలో సినిమాలు చూడొచ్చా? నిజంగా అంత ప్రమాదమా?

కొత్త సినిమాల దొంగ కాపీలు పెట్టే ఫ్రీ సైట్ల గురించి "అందరూ చూస్తున్నారు కదా, ఏమవుతుంది" అని ఒకరు అడిగారు. మాది తిరుపతి, కొర్లగుంట. నేను చూసినంతలో సినిమా ఆడుతున్నంతసేపూ పెద్దగా ఏమీ కాదు. అది మొదలయ్యేలోపు మన చేత నొక్కించే బటన్లతోనే తంటా అంతా.

చిత్తూరులో మా చిన్నమ్మ ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్తే ఆమె ఫోన్ ఆగకుండా మోగుతోంది. వైరస్‌లు చేరాయని ఒకటి, లాటరీ తగిలిందని ఒకటి, బ్యాంకు పేరుతో ఇంకొకటి. "ఏం నాయనా, ఫోను చెడిపోయినట్టుందే, కొత్తది కొనాల్నా?" అంటుంది పాపం. సెల్ షాపులో చూపిస్తే డబ్బు తీసుకుని మొత్తం చెరిపేస్తానన్నాడట. మనవరాలి ఫోటోలు పోతాయని ఆమె ఒప్పుకోలేదు. చూస్తే సంగతి ఇంతే: మనవడు ఏదో సైట్లో కొత్త సినిమా పెట్టబోతే "మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి" అని వచ్చింది, నొక్కేశాడు. అంటే నోటిఫికేషన్లు పంపుకోమని వాళ్లకు అనుమతి ఇచ్చినట్టే. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆ సైట్ల పేర్లు తీసేయగానే మోత ఆగిపోయింది. దీనికి ఫోన్ మొత్తం చెరిపేస్తారా ఎవరైనా!

అసలు భయపడాల్సింది "ప్లేయర్ అప్‌డేట్ చేయండి" అంటూ దిగే ఏపీకే ఫైలుకు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలుకు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కే వీలు) అనుమతులు ఇచ్చామంటే ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. పింఛను పడే ఖాతా కూడా ఆ ఫోన్లోనే ఉంటుంది కదా. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక క్వాలిటీ. థియేటర్లో కెమెరాతో తీసినదానికి 1080పీ (ఫుల్ హెచ్‌డీ) అని పేరు పెడితే బొమ్మ బాగుపడదు. సైజు తగ్గించడానికి పిండేసిన ఫైల్లో రాత్రి సీన్లన్నీ గళ్లు గళ్లుగా విడిపోతాయి, పాట మధ్యలో ఎవరిదో దగ్గు. అలా థియేటర్లో రికార్డు చేస్తే 2023లో సవరించిన చట్టం ప్రకారం 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా.

ఫ్రీగానే కావాలంటే యూట్యూబ్‌లో నిర్మాతల సొంత ఛానెళ్లలోనే పాత సినిమాలు బోలెడు. దూరదర్శన్ నడిపే ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే ఓటీటీ యాప్ కూడా తెచ్చింది.

అయినా ఓటీటీ వాళ్లనూ అనాలి. ఒక సినిమా ఒక దాంట్లో, ఇంకో సినిమా మరో దాంట్లో. మామూలు జీతంతో ఇల్లు నడిపేవాళ్లు ఎన్నిటికి చందాలు కడతారు? కట్టినా తక్కువ ప్లాన్ అని మధ్యలో యాడ్లు వేస్తారు. జనం ఆ సైట్ల వైపు పోతున్నారంటే సగం తప్పు వీళ్లదే.